చేతులు ఆగిన చోటు

నవల రాయడం నాకెవరూ నేర్పలేదంటే
దాలమ్మప్ప కొడుతుంది.

కాశీబుగ్గలో జీడిపప్పు షెడ్డు,
పదహారు మందిమి పొట్టు తీస్తూ కూచుంటాం.
రేడియో పాడైన వానాకాలం
ఊసుపోక మొదలెట్టాను:
ఇచ్ఛాపురంలో ఒక పిల్ల రైలెక్కింది,
చేతిలో ఒకటే చెప్పు.
అంతే. రెండోది ఏమైందో నాకూ తెలీదు.

మొదటి వారమంతా వానని వర్ణించాను.
మబ్బులు, మెరుపులు, మహేంద్రగిరి మీద పొగ.
చేతులు చకచకా ఆడుతూనే ఉన్నాయి.
"వాన మా ఇంట్లోనే కురుస్తంది గాని
ఆ గుంట సంగతేటి, సెప్పు" అంది దాలమ్మప్ప.
ఆ రాత్రి నోటుబుక్కులో
నాలుగు పేజీల వాన కొట్టేశాను.

నెమ్మదిగా చేతుల్ని చదవడం వచ్చింది.
కత్తి ఆడుతుంటే కథ ఆగిపోయినట్టు,
కత్తి ఆగితే కథ నడుస్తున్నట్టు.
పిల్ల ఆ ఉత్తరం విప్పిన రోజు
పదహారు కత్తులూ గాల్లోనే ఉండిపోయాయి.
సాయంత్రం తూకంలో
నాలుగు కిలోలు తగ్గిందని సూపర్‌వైజరు అరిచాడు.
ఇంతవరకూ నాకొచ్చిన మంచి సమీక్ష అదే.

భోజనాల గంటకి సరిగ్గా
ఎవరిచేతో తలుపు కొట్టించి లేచిపోయేదాన్ని.
హైమావతి అన్నం కలుపుకుంటూ తిట్టేది.
జ్వరమొచ్చి రెండ్రోజులు మానేస్తే
తవిటమ్మ రెండు ఆటోలు మారి ఇంటికొచ్చింది.
మందేసుకున్నావా అనలేదు,
"తలుపు ఎవులు కొట్టినారు?" అంది.

విలన్ని చంపేస్తానంటే ఒప్పుకోలేదు,
సంతలో వాడు బేరమాడే తీరు బాగుందట.
హీరోని పద్దెనిమిదో అధ్యాయంలో
పని మీద సోంపేట పంపించాను,
వెనక్కి తేవడం మర్చిపోయాను.
ఇప్పటికీ ఒక్కరూ అడగలేదు.

గుళ్ళు వేరు, బద్దలు వేరు, నూక వేరు,
ఏరడం తెలిసిన చేతికి
అధ్యాయాలెంత అనుకున్నాను.
అబద్ధం.
మనం రాసినదైతే నూక కూడా గుళ్ళలాగే కనిపిస్తుంది.

శ్రీకాకుళం ఏడురోడ్ల దగ్గర ప్రెస్సులో
సనపల జగన్నాయకులు గారు కళ్ళద్దాలు తుడుచుకుని
పేరులో వెన్నెల ఉండాలన్నారు.
నా కథంతా పట్టపగలే జరుగుతుంది సార్, అన్నాను.
కొర్ల బృందావతి అంటే ఎవరు కొంటారమ్మా,
స్నేహ అని వేద్దాం, ఈ యాస కొంచెం తీసేద్దాం...
యాస తీస్తే దాలమ్మప్ప మిగలదు.
కాగితాలు సంచీలో పెట్టేసుకున్నాను.
మెట్ల దాకా వచ్చి వెనక్కి పిలిచారు:
"అది సరే, ఆ రెండో చెప్పు దొరుకుతాదా లేదా?"

ఐదొందల కాపీలు, నలభై రెండు వేలు.
ఆ నెల చీటీ పాటలో
పదిహేనుమందీ నోరు కుట్టేసుకున్నారు,
పాట నాకే వచ్చింది.

పదేళ్ళు పిక్క కొట్టిన వేలు నాది,
సొన గీతలన్నీ తినేసింది.
రేషను డిపోలో యంత్రం
నన్ను నేను కాదంటుంది ప్రతి నెలా.
ప్రూఫు కాగితం మీద మాత్రం
తడి ఇంకులో బొటనవేలు నల్లగా పడింది.
"పేజీ పాడు చేశావు తల్లీ" అన్నారాయన.

కాంప్లెక్సులో షాపతను పది కాపీలు పెట్టుకుని
ఏడు తిరిగిచ్చాడు.
అటకెక్కిన కట్టలకి చెద పట్టకుండా
వేపాకు వేశాను. ఇంతకంటే గొప్పగా
చెప్పుకోడానికేం లేదు.

మొన్న ఆమదాలవలస వెళ్తుంటే ప్యాసింజరులో
ఎదుటి సీట్లో నర్సు పిల్ల, చేతిలో నా అట్ట.
పల్లీల పొట్లంలో పెట్టిన చెయ్యి
అందులోనే ఉండిపోయింది, నౌపడా దాటేదాకా.
నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటించాను.
తిలారులో ఉలిక్కిపడి దిగిపోయింది,
పుస్తకం సీటు మీదే.

తీసి చూశాను. మడత పెట్టిన పేజీ అంచున
పెన్నుతో గట్టిగా గీత గీసి రాసుంది,
"తలుపు కొట్టింది వాడే."

తప్పు.
వాడు కాదు.